నిలువు గీత ఎప్పుడూ ఎదుటి భుజమేనా? ఒక ట్రిగొనామెట్రీ స్టూడెంట్ కేసు

నేను లెక్కలు ఒక్కొక్కరికి విడివిడిగా చెప్తుంటాను, బ్యాచ్‌లు లేవు, ఎదురుగా ఒక్క మనిషి, ఒక్క నోట్‌బుక్. దీన్లో సుఖం ఏంటంటే తప్పు ఎక్కడ పుట్టిందో వెతకడానికి టైమ్ దొరుకుతుంది. కష్టం ఏంటంటే ఆ తప్పు నాదే అని తేలినప్పుడు దాక్కోడానికి చోటుండదు. ఈ కేసులో రెండూ అయ్యాయి, అందుకే రాసి పెడుతున్నా. పిల్ల పేరు, ఊరు, స్కూలు ఏవీ రాయట్లేదు, ఒకట్రెండు వివరాలు కావాలనే మార్చాను, లెక్కలు మాత్రం నోట్‌బుక్‌లో ఎలా ఉన్నాయో అలాగే.

అమ్మాయికి పదిహేనేళ్లు. ఆల్జీబ్రా చాలా బాగా వచ్చు, వర్గ సమీకరణం ఇస్తే నేను కారణాంకాలు ఆలోచించే లోపు తను రాసేస్తుంది. పైథాగరస్ కూడా ఏ తడబాటూ లేదు. స్కూల్లో ట్రిగొనామెట్రీ చాప్టర్ అయిపోయింది, పరీక్షలో మార్కులు మాత్రం సగానికి పడ్డాయి. వాళ్లమ్మగారు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు అన్న మాట, "ఫార్ములాలన్నీ కంఠతా వచ్చండి, లెక్క దగ్గరికొచ్చేసరికే ఏదో అవుతుంది, వట్టి అజాగ్రత్త." ఈ అజాగ్రత్త అన్న మాటంటే నాకు చిరాకు. ఆ మాట అనేశామంటే ఇంక వెతకడం ఆపేస్తాం. నిజంగా అజాగ్రత్తే అయితే తప్పులు ఎక్కడ పడితే అక్కడ రావాలి కదా, ఒకే చోట వస్తున్నాయంటే అక్కడేదో ఉన్నట్టు. ఇంత తెలిసీ మొదటి రెండు వారాలు నేనూ ఆ మాట మీదే నడిచాను, అది తర్వాత చెప్తా.

మొదటి రోజు కాసేపు కంఠతా విన్నాను. 0, 30, 45, 60, 90 డిగ్రీల పట్టిక మొత్తం నిమిషం లోపే రాసేసింది. సో-కా-టోవా అనే కొండగుర్తు చెప్పింది, సైన్ అంటే ఎదుటి భుజం బై కర్ణం, కాస్ అంటే ఆసన్న భుజం బై కర్ణం, టాన్ అంటే ఎదుటి భుజం బై ఆసన్న భుజం (కోణానికి ఎదురుగా ఉండేది ఎదుటి భుజం, కోణం పక్కనే ఉండేది ఆసన్న భుజం, లంబకోణానికి ఎదురుగా ఉండేది కర్ణం). ఒక్క అక్షరం పోలేదు. సరే అని ఒక నిచ్చెన లెక్క ఇచ్చాను. 5 మీటర్ల నిచ్చెన గోడకి ఆనించారు, నేలతో 60 డిగ్రీల కోణం చేస్తోంది, గోడ మీద ఎంత ఎత్తులో తగులుతుంది? సైన్ 60 వాడింది, 4.33 మీటర్లు, కరెక్ట్. వెంటనే రెండోది: అదే నిచ్చెన ఈసారి గోడతో 25 డిగ్రీలు చేస్తోంది, నిచ్చెన అడుగు గోడకి ఎంత దూరంలో ఉంది?

బొమ్మ చక్కగా గీసింది, 25 డిగ్రీలు పైన గోడ దగ్గరే రాసింది. కింద గీత కావాలి కాబట్టి ఆసన్న భుజం అనుకుని 5 ఇంటూ కాస్ 25, అంటే 4.53 మీటర్లు అని రాసేసింది. రావాల్సింది 5 ఇంటూ సైన్ 25, అంటే 2.11. తను రాసింది నిజమైతే 5 మీటర్ల నిచ్చెన గోడకి నాలుగున్నర మీటర్ల దూరంలో దాదాపు నేల మీద పడుకుని ఉండాలి. బొమ్మలో నిచ్చెనేమో నిటారుగా గోడకి అతుక్కుని ఉంది. తను గీసిన బొమ్మకీ తను రాసిన జవాబుకీ పొంతనే లేదు, ఆ సంగతి తనకి కనపడనే లేదు.

మొదట ఏమనుకున్నానంటే

నా మొదటి ఊహ చదవడంలో లోపం అని. "నేలతో", "గోడతో" అన్న ఒక్క మాట తేడాకి లెక్కంతా మారిపోతుంది, పిల్లలు అది చూడకుండా దాటేస్తారు, ఇలాంటివి బోలెడు చూశాను. అందుకని ప్రశ్నలో కోణం ఎవరితో చేస్తోందో ఆ మాట కింద గీత గీయమన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది, ఎందుకంటే సాక్ష్యం నా కళ్ళ ముందే ఉంది, బొమ్మలో 25 డిగ్రీలు సరైన చోటే పెట్టింది కదా, మరి చదవడంలో లోపం ఎలా అవుతుంది? కానీ అలవాటైన రోగం అలవాటైన మందు అన్నట్టు నేను ఆ దారినే పోయాను. తర్వాతి మూడు లెక్కల్లో బుద్ధిగా "గోడతో" కింద గీత గీసింది, కోణం పైన పెట్టింది, మళ్లీ కాస్ వేసింది.

రెండో ఊహ, భుజాల పేర్లు కంగారులో తారుమారవుతున్నాయని. దానికి రంగు పెన్నులు. ఎదుటి భుజం ఎరుపు, ఆసన్న భుజం నీలం, కర్ణం ఆకుపచ్చ, ముందు రంగులు వేశాకే ఫార్ములా ముట్టుకోవాలి. ఇరవై లెక్కల వర్క్‌షీట్ నేనే కూర్చుని తయారుచేశాను. ఇరవైకి పద్దెనిమిది రైట్. నాకు సంతోషం, తనకి సంతోషం, వాళ్లమ్మగారికి ఫోన్ చేసి మరీ చెప్పాను. తప్పు చేసిన ఆ రెండూ వర్క్‌షీట్ చివర్లో ఉన్నాయి, అలిసిపోయి ఉంటుందిలే అని వదిలేశాను. ఆ రెండింటినీ ఆగి చూసి ఉంటే ఒక వారం మిగిలేది.

తర్వాతి వారం వేరే చోట నుంచి ఏరిన పది లెక్కలు ఇచ్చాను, అయిదు తప్పు. రంగులు అన్నిటికీ వేసింది, శ్రద్ధగానే వేసింది. అజాగ్రత్త అన్న మాట అక్కడితో చచ్చిపోయింది.

ఆ రాత్రి కూర్చుని అప్పటిదాకా చేసిన లెక్కలన్నీ ముందేసుకున్నాను. ఈసారి తప్పూ ఒప్పూ అని కాకుండా బొమ్మలో కోణం ఎక్కడుంది అని విడదీశాను. కోణం కింద ఉన్నవి ఒక కుప్ప, పైన ఉన్నవి ఇంకో కుప్ప, త్రిభుజం వాలుగా పడి ఉన్నవి మూడో కుప్ప. మొదటి కుప్పలో ఒక్కటి తప్పితే అన్నీ రైట్, ఆ ఒక్కటీ కూడికలో పోయింది. రెండో కుప్ప మొత్తం తప్పు. మూడోది కలగాపులగం. ఇంక నా వర్క్‌షీట్ సంగతి, ఇరవైలో పద్దెనిమిది బొమ్మలకి కోణం కింద ఎడమ మూలే పెట్టాను! గీయడానికి చెయ్యి అలా పోతుంది, నాకే తెలీదు. చివరి రెండూ మాత్రం వేరే. అంటే ఆ పద్దెనిమిది మార్కులూ తన తప్పు బయటపడకుండా నేనే కాపలా కాసి వేయించినవి అన్నమాట.

మర్నాడు లెక్క ఏమీ ఇవ్వలేదు. ఒక త్రిభుజం గీసి, కోణం ఏదీ గుర్తు పెట్టకుండా, "దీంట్లో ఎదుటి భుజం ఏదమ్మా?" అని అడిగాను. కోణం చెప్పకుండా ఆ ప్రశ్నకి జవాబే లేదు, "ఏ కోణానికి మేడమ్?" అని అడగాలి తను. అడగలేదు. తడుముకోకుండా నిలువు గీత చూపించింది. "ఎందుకు?" అన్నాను. "నిలబడి ఉంది కదా మేడమ్." మరి ఆసన్న భుజం? "కింద ఉన్నది." కర్ణం? "ఏటవాలుది."

కథంతా అక్కడుంది. తనకి ఈ మూడూ కోణాన్ని బట్టి మారే పేర్లు కావు, మనుషుల పేర్లలాగా గీతకి అతుక్కుపోయిన పేర్లు. ఎక్కడ అతుక్కున్నాయో కూడా కాస్త తవ్వితే దొరికింది. స్కూల్ కంటే ముందు తనకి ఎవరో లంబం, భూమి, కర్ణం అని నేర్పారట, లంబం బై కర్ణం సైన్, భూమి బై కర్ణం కాస్ అని. కోణం కింద మూలలో ఉన్నంత కాలం ఆ పద్ధతి నిక్షేపంలా పనిచేస్తుంది. తర్వాత స్కూల్లో ఎదుటి భుజం, ఆసన్న భుజం అని కొత్త మాటలు వచ్చేసరికి, లంబం అంటే ఎదుటి, భూమి అంటే ఆసన్న అని మనసులో ఒక డిక్షనరీ రాసేసుకుంది. పాత అర్థాలకి కొత్త పేర్లు, అంతే. ఫార్ములా కంఠతా వినే మాస్టారికెవరికీ ఇది దొరకదు, నాకూ దొరకలేదు.

ఆసన్న అంటే ఏంటో తెలుసా అని అడిగితే తెలీదంది. సమయం ఆసన్నమైంది అంటారు కదా, అంటే దగ్గరపడింది అని, అన్నాను. "ఓ, ఆ ఆసన్నమేనా ఇది!" అని నిజంగానే ఆశ్చర్యపోయింది. ఎదుటి అన్న మాటైతే రోజూ వాడేదే, ఎదుటి మనిషి అంటే మనకి ఎదురుగా ఉన్న మనిషి, మనం ఇటు తిరిగితే ఎదుటి మనిషి మారిపోతాడు. అంత తేలిక మాట పుస్తకంలోకి ఎక్కగానే అర్థం పోయి ఉత్త పేరైపోయింది.

పనిచేసింది కాబట్టే ఆపేసిన పద్ధతి

కారణం దొరికింది కదా అని మందు వెంటనే దొరకలేదు. నాకు తట్టిన మొదటి ఉపాయం కాగితం తిప్పడం. కోణం పైన ఉందా, కాగితాన్ని పావు చుట్టు తిప్పు, ఆ కోణం కింద మూలకి వస్తుంది, ఇంక నీకు అలవాటైన బొమ్మే. రెండు క్లాసులు ఇలా నడిచాం, తప్పులు దాదాపు ఆగిపోయాయి. ఇక్కడ ఆగిపోయి ఉంటే ఎవరూ నన్ను తప్పు పట్టేవాళ్ళు కాదు.

కానీ ఒకరోజు నిలువు గీతకి రెండు పక్కలా రెండు త్రిభుజాలున్న లెక్క వచ్చింది, ఎడమ దాంట్లో కోణం కింద, కుడి దాంట్లో కోణం పైన. ఎడమది చేసింది, కుడిదానికి కాగితం తిప్పింది, ఇందాక ఎదుటి భుజం అని ఎరుపు వేసిన గీతే ఇప్పుడు అడ్డంగా పడుకుని ఆసన్న భుజం అయి కూర్చుంది, మళ్లీ తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది, చివరికి పెన్ను కింద పెట్టేసింది. అప్పుడు అడిగాను, "అసలు మనం కాగితం ఎందుకు తిప్పుతున్నాం?" తన జవాబు, "ఎదుటి భుజం నిలువుగా రావాలి కదా మేడమ్, అందుకు."

అంటే తప్పు అభిప్రాయం చెక్కుచెదరలేదు, దానికి అనుకూలంగా ప్రపంచాన్నే తిప్పడం నేర్పాను. జవాబులు సరిగ్గా వస్తున్నాయి, ఊతకర్ర మాత్రం చేతికి ఇంకా గట్టిగా అతుక్కుంటోంది. ఇక్కడ కాసేపు తటపటాయించాను, నిజం చెప్పాలంటే. పరీక్ష దగ్గరలో ఉంది, ఉన్న ఊతకర్ర లాగేస్తే మార్కులు ముందు పడిపోతాయి, తర్వాత లేస్తాయో లేదో గ్యారంటీ లేదు. అయినా లాగేశాను, ఎందుకంటే ముందుముందు వచ్చే లెక్కలన్నిట్లో రెండేసి త్రిభుజాలుంటాయి, అక్కడ తిప్పడానికి కాగితం ఒక్కటే ఉంటుంది.

ఆ రోజు నుంచి రూలు: కాగితం కదలకూడదు, కదలాల్సింది నువ్వు.

కాగితం నిండా పెద్ద త్రిభుజం గీశాను, చిన్న రబ్బరు ముక్క ఇచ్చి, ఇది నువ్వు అన్నాను. కోణం ఉన్న మూలలో రబ్బరు పెట్టు. నీ కాళ్ళ దగ్గర నుంచి రెండు గీతలు బయల్దేరుతున్నాయి, మూడో గీత నిన్ను తాకట్లేదు, అది నీకు ఎదురుగా ఉంది. అదే ఎదుటి భుజం. తాకుతున్న రెండిట్లో ఒకటి కర్ణం, అది లంబకోణానికి ఎదురుగా ఉంటుంది, నువ్వు ఎక్కడ నిలబడ్డా మారదు. మిగిలింది నీ పక్కనే ఉన్న ఆసన్న భుజం. ఇప్పుడు రబ్బరు తీసి పై మూలలో పెట్టు, మళ్లీ చెప్పు.

చిన్నపిల్లల ఆటలా ఉందని మొదట కాస్త మొహమాటపడింది. నాలుగో త్రిభుజానికి రబ్బరు జరుపుతూ మధ్యలో ఆగి, "మేడమ్, కర్ణం ఒక్కటే కదలట్లేదు, మిగతా రెండూ పేర్లు మార్చేసుకుంటున్నాయి" అంది. నేను చెప్దామని దాచుకున్న వాక్యం అది, తనే అనేసింది, నేను నోరు మూసుకున్నాను.

దాని తర్వాత 5, 12, 13 త్రిభుజం ఇచ్చి రెండు మూలల నుంచీ ఆరు నిష్పత్తులు రాయమన్నాను. కింద మూల నుంచి సైన్ 5 బై 13, కాస్ 12 బై 13. పై మూల నుంచి సైన్ 12 బై 13, కాస్ 5 బై 13. రెండు వరసలు పక్కపక్కన చూసుకుని ఇదేంటి అటూఇటూ అయ్యాయి అంది. కో-సైన్‌లో ఆ కో ఎందుకుందో అప్పుడు చెప్పాను, పూరక కోణం సైన్ అని దాని అర్థం, రెండు కోణాలూ కలిపి 90, కాబట్టి ఒకరి సైన్ ఇంకొకరి కాస్. ఇది స్కూల్లో సూత్రంగా చదివింది, కానీ అది ఒకే గీతని రెండు మూలల నుంచి చూడడమే అని ఎప్పుడూ అనుకోలేదు. వెంటనే పాత పేజీకి వెళ్లి ఆ 25 డిగ్రీల నిచ్చెన లెక్క తీసింది. గోడతో 25 అంటే నేలతో 65, పైన నిలబడితే సైన్ 25, కింద నిలబడితే కాస్ 65, రెండూ 0.4226, రెండు దారుల్లోనూ 2.11. చేయమని నేను అడగలేదు, తనే పాత తప్పు కొట్టేసి పక్కన రాసుకుంది.

సైన్ 35 అంటే ఒక నంబర్

పేర్లు కుదిరాక రెండో పొర బయటపడింది. 12 మీటర్ల స్తంభం పైనుంచి నేలకి ఒక తీగ లాగి కట్టారు, నేలతో 35 డిగ్రీలు, తీగ పొడవెంత? సైన్ 35 ఈక్వల్స్ 12 బై ఎక్స్ అని సరిగ్గా రాసింది. తర్వాతి లైను, ఎక్స్ ఈక్వల్స్ 12 ఇంటూ సైన్ 35, 6.88 మీటర్లు. స్తంభం పన్నెండు, దాని కొస నుంచి నేలని అందుకోవాల్సిన తీగ ఏడు కూడా లేదు!

ఆల్జీబ్రాలో దిట్ట అయిన పిల్ల ఇక్కడ ఎందుకు పడింది? పక్కనే 3 ఈక్వల్స్ 12 బై ఎక్స్ అని రాసిచ్చాను, నాలుగు అని చటుక్కున చెప్పింది. మళ్లీ సైన్ 35 చూపించాను, ఆగింది. అప్పుడు అర్థమైంది నాకు, సైన్ 35 తన కంటికి నంబర్ కాదు, దేనికో చేయాల్సిన పని, గుణించమని ఇచ్చిన ఆర్డర్. అప్పటిదాకా చేసిన లెక్కలన్నీ గుణకారంతోనే తేలాయి కాబట్టి ఆ అలవాటు గట్టిపడింది.

దీనికి ఫార్ములా ఇంకోసారి చెప్పి లాభం లేదని కొలిపించాను. ప్రొట్రాక్టర్‌తో 35 డిగ్రీల కోణం ఒకటి, కింద గీత మీద 5, 10, 15 సెంటీమీటర్ల దగ్గర మూడు నిలువు గీతలు. ఒకే కోణంలో ఇమిడిన మూడు సరూప త్రిభుజాలు, అంటే ఆకారం ఒకటే, సైజులు వేరు. నిలువు గీతలు కొలిస్తే 3.5, 7, 10.4 వచ్చాయి. భాగించింది, 0.70, 0.70, 0.69. ఆ ఆఖరిది పెన్సిల్ మందం అని తనే సమాధానం చెప్పుకుంది. ఇప్పుడు క్యాలిక్యులేటర్‌లో టాన్ 35 కొట్టమన్నాను, 0.7002. కాసేపు ఆ నంబర్నీ కాగితాన్నీ మార్చిమార్చి చూసింది. "అంటే వాళ్లు ముందే కొలిచి లోపల పెట్టేశారా?" కొలవలేదు, లెక్కగట్టారు, కానీ భావం అదే అన్నాను.

ఆ ప్రశ్న వచ్చింది కాబట్టి కాస్త పక్కదారి పట్టాను, పడితే పట్టాను. 499 నాటి ఆర్యభటీయంలో ఇలాంటి పట్టిక ఉంది, మూడు ముప్పావు డిగ్రీల చొప్పున ఇరవై నాలుగు విలువలకి. ఆర్యభటుడు విలువలు కాకుండా వాటి మధ్య తేడాలు ఇచ్చాడు, 225, 224, 222, 219, 215, 210, 205, 199 అలా. మొదటి ఎనిమిదీ కూడు అన్నాను, 1719 వచ్చింది. ఎనిమిది మూడు ముప్పావులు 30 డిగ్రీలు, ఆయన లెక్కలో వృత్తం వ్యాసార్ధం 3438, 1719 అందులో సరిగ్గా సగం. నువ్వు కంఠతా పట్టిన సైన్ 30 ఈక్వల్స్ సగం అదే. జ్యా అంటే వింటినారి, అర్ధజ్యా అంటే సగం నారి, ఆ మాటే అరబ్బీలో జీబా అయి, జైబ్ అని చదవబడి, లాటిన్‌లో సైనస్ అయింది. ఇది సిలబస్‌లో లేదు, మార్కు కూడా రాదు, కానీ ఆ రోజు తర్వాత సైన్‌ని తను ఒక పొడవులాగా మాట్లాడడం మొదలుపెట్టింది, నాకు కావాల్సింది అదే.

తీగ లెక్కకి తిరిగొస్తే, రెండు అలవాట్లు పెట్టాను. సమీకరణం రాయగానే సైన్ 35 స్థానంలో 0.57 అని పెన్సిల్‌తో రాయాలి, అప్పుడది మామూలు ఆల్జీబ్రా. రెండోది, క్యాలిక్యులేటర్ ముట్టుకునే ముందు జవాబు సుమారుగా ఎంత ఉండాలో మార్జిన్‌లో రాయాలి. తీగ కర్ణం కాబట్టి 12 కంటే ఎక్కువే. సైన్ 30 సగం, కాబట్టి 30 డిగ్రీలైతే తీగ 24 ఉండేది, కోణం ఇంకాస్త నిటారు కాబట్టి 24 కంటే తక్కువ. పన్నెండుకీ ఇరవై నాలుగుకీ మధ్య, ఇరవై నాలుగు వైపుగా. అసలు జవాబు 20.92.

ఈ అంచనా అలవాటు ఎంత పనికొచ్చిందంటే, వారం తర్వాత అదే లెక్క మళ్లీ ఇస్తే 28.02 వచ్చింది, వెంటనే "మేడమ్, 24 దాటకూడదు కదా" అంది. స్టెప్పులన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి చూస్తే క్యాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉంది, అంటే 35ని డిగ్రీలుగా కాకుండా రేడియన్ అనే వేరే కొలతగా తీసుకుంటోంది, సైన్ 35 కొడితే మైనస్ 0.428 చూపించింది. మరి ఆ మైనస్ ఏమైంది అని అడిగితే, "పొడవు మైనస్ ఉండదు కదా, తీసేశా" అంది. ఇంక నవ్వు ఆపుకోలేకపోయాను. అప్పటినుంచి కూర్చోగానే ముందు సైన్ 30 కొట్టి 0.5 వస్తేనే లెక్క మొదలు. అంచనా రాసి ఉండకపోతే 28.02 నిక్షేపంగా జవాబై కూర్చునేది, చూడ్డానికి అందులో అనుమానించేది ఏమీ లేదు.

పాత రోగం తిరగబెట్టిందనుకున్న రోజు

40 మీటర్ల టవర్ పైనుంచి చూస్తే పడవ 25 డిగ్రీల నిమ్నకోణంలో (అడ్డంగా ఉన్న చూపు నుంచి కిందికి) కనిపిస్తోంది, టవర్ అడుగు నుంచి పడవ ఎంత దూరం? తను 40 ఇంటూ టాన్ 25 చేసి 18.65 రాసింది. రావాల్సింది 40 బై టాన్ 25, 85.78. కోణం పైన ఉన్న లెక్క, జవాబు తారుమారు, నా గుండె జారిపోయింది, మళ్లీ మొదటికొచ్చాం అనుకున్నాను. కానీ ఈసారి బొమ్మని నింపాదిగా చూశాను. పై మూలలో నిలబడి చూస్తే ఎదుటి భుజం కింద గీత, ఆసన్న భుజం టవర్, పేర్లు రెండూ సరిగ్గా పెట్టింది. తప్పు పేర్లలో లేదు, కోణమే వేరే చోట పెట్టింది, 25ని టవర్‌కీ చూపుకీ మధ్య రాసింది. జవాబులు చూస్తే పాత తప్పుకీ దీనికీ కవల పిల్లల్లా పోలిక, మందు మాత్రం పూర్తిగా వేరు. ఇక్కడ మళ్లీ రబ్బరు ముక్క తీసి ఉంటే, అప్పుడే కుదిరిన దాన్ని కూడా చెడగొట్టేదాన్ని.

పెన్ను కంటి దగ్గర అడ్డంగా పట్టుకోమన్నాను, నేరుగా దూరంగా చూస్తున్నావు. ఇప్పుడు పడవ కనిపించేదాకా పెన్ను కొస కిందికి దించు. ఎంత దించావో అది నిమ్నకోణం, నిమ్న అంటే కిందికి. మొదలు అడ్డంగా ఉన్న చూపు దగ్గర, గోడ దగ్గర కాదు. అందుకే బొమ్మలో ముందు కంటి దగ్గర నుంచి అడ్డంగా చుక్కల గీత గీయాలి, ఆ తర్వాతే కోణం. ఆ చుక్కల గీతా నేలా సమాంతరం కాబట్టి ఏకాంతర కోణాల వల్ల అదే 25 పడవ దగ్గర కూడా పడుతుంది. ఇది ఒక్క క్లాసులో సర్దుకుంది.

పరీక్షకి ముందు క్లాసులో ఒక పాత రకం లెక్క ఇచ్చాను, ఒక చోట నుంచి టవర్ కొసకి ఊర్ధ్వకోణం, అంటే నేల నుంచి పైకి చూసే కోణం, 30, 20 మీటర్లు దగ్గరికి నడిస్తే 60, ఎత్తెంత? రెండు టాన్ సమీకరణాలు రాసి తీసేసే లెక్క, నేనూ ఎప్పుడూ అలాగే చెప్తాను. తను ప్రతి మూలలో పెన్సిల్ కొస పెట్టి కోణాలు రాసుకుంటూ పోయింది, దగ్గరి మూలలో 60కి ఇవతలి పక్క 120, దూరం మూలలో 30, అంటే పైన 30 మిగిలింది. ఆగింది. రెండు ముప్పైలు, కాబట్టి ఈ రెండు భుజాలూ సమానం, ఏటవాలు గీత కూడా 20 మీటర్లే, ఎత్తు 20 ఇంటూ సైన్ 60, 17.32. నాలుగు లైన్లు. నేను నా పద్ధతిలో చేసి సరిచూసుకున్నాను, అదే వచ్చింది.

దీని తర్వాత నా దగ్గర మారినవి కొన్ని. వర్క్‌షీట్‌లో వరుసగా రెండు బొమ్మలకి కోణం ఒకే మూలలో పెట్టను, చెయ్యి తనంతట తాను ఎడమ మూలకే పోతుంది కాబట్టి ముందే మూలల లిస్ట్ రాసుకుని గీస్తున్నా. కొత్తగా వచ్చిన ఎవరికైనా ఫార్ములా అడిగే ముందు, కోణం గుర్తు పెట్టని త్రిభుజం చూపించి ఎదుటి భుజం ఏదని అడుగుతున్నా, ఏ కోణానికి అని తిరిగి అడిగేవాళ్లు నేను అనుకున్నదాని కంటే చాలా తక్కువ. తప్పులని రైటూ రాంగూ అని కాకుండా ఎక్కడ వచ్చాయో అని కుప్పలు పోయడం ఇప్పుడు మొదటి వారంలోనే చేస్తున్నా. మంచి మార్కులు వచ్చిన షీట్‌ని చెడ్డ షీట్ కంటే ఎక్కువ అనుమానంగా చూడడం మాత్రం ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు, సంతోషం అడ్డొస్తుంది.

రబ్బరు ముక్క మూడు వారాలకి తనే మానేసింది, కొన్నాళ్లు పెన్సిల్ కొస పెట్టేది, తర్వాత అదీ లేదు. పరీక్షలో ఈ చాప్టర్ లెక్కలు ఒకటి తప్ప అన్నీ వచ్చాయి. ఆ ఒక్కటి, రెండు భుజాలిచ్చి కోణం కనుక్కోమన్నది. సైన్ థీటా 0.6 దాకా తప్పు లేకుండా వచ్చి, సైన్ ఇన్వర్స్ (సైన్ విలువ నుంచి వెనక్కి కోణం కనుక్కోవడం, సైన్ మీద చిన్నగా మైనస్ ఒకటి పెట్టి రాస్తారు) అన్న చోట ఆ మైనస్ ఒకటిని ఘాతం అనుకుని ఒకటిని 0.6తో భాగించి 1.67 రాసి, పక్కన చిన్నగా డిగ్రీలు అని రాసి, దాని పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టింది. వచ్చే వారం అక్కడినుంచి మొదలుపెట్టాలి.